వచ్చే మూటలో

నమోదు కార్యాలయం, మూడో కిటికీ
ఆగస్టు 9

అక్కా,

నాన్న మంచం పట్టాక నేను రాసిన ఉత్తరాలన్నీ ఏడుపుగొట్టుగా ఉన్నాయని తిట్టావు కాబట్టి ఈసారి నవ్వించడానికి చూస్తాను. నవ్వు రాకపోతే తప్పు నాది కాదు, ఈ ఆఫీసుది.

యుద్ధం ముగిసి ముప్పై ఆరేళ్ళయింది. ఇప్పటికీ పొద్దున తలుపు తీసేసరికి వరండాలో పదిమంది ఉంటారు. మా పని నీకు తెలిసిందే. పేరూ నంబరూ ఉన్న కోటు కాలర్ పట్టీ అందిన సైనికుడు అమరుడు, అతని పేరు బయట రాతిగోడ మీద ఉంటుంది. పట్టీ అందనివాడు పారిపోయినవాడు, అతని పేరు నా బీరువాలో ఉంటుంది. ఈ రెంటికీ మధ్య మూడో గది లేదు.

నా దగ్గరికి ఒకావిడ వస్తుంది. ప్రతి నెలా మొదటి సోమవారం, వరసలో మొదటి మనిషి. చేతిలో గొడుగు, సంచిలో అదే అర్జీ. ఆఫీసులో అందరూ ఆవిడను సోమవారం ఆవిడ అంటారు. నేను చేరి పదకొండేళ్ళయింది, ఆవిడ అర్జీ నాకు ఎక్కంలా వచ్చేసింది. వాళ్ళాయన పారిపోయే మనిషి కాదట. ఇంట్లో నల్లదారం అయిపోతే ఆయన కోటుకు పట్టీని ఎర్రదారంతో కుట్టి పంపిందట, వెయ్యి పట్టీల్లో వేసినా తెలిసిపోతుందట. పారిపోయినవాడి భార్య పిల్లలకు పాఠాలు చెప్పకూడదని బడిలోంచి తీసేశారు, అప్పటికి ఆవిడకు ఇరవై నాలుగేళ్ళు. నేను ప్రతిసారీ పట్టీ తెండి, పేరు నేనే దగ్గరుండి చెక్కిస్తాను అంటాను. ఆవిడ నవ్వుతుంది. తర్వాత నేను తిరస్కరించినట్టు ముద్ర వేస్తాను. ఇద్దరం పాత స్నేహితులమైపోయాం అనుకో.

ఈ డిసెంబరు నెలాఖరుకు జాబితా మూసేస్తున్నారు. చివరి రాయి వచ్చింది, దాని మీద చెక్కడం అయిపోతే ఇక ఎవరి మాటా వినరు. నా కిటికీకి తాళం వేసి నన్ను ఏ మూలన కూచోబెడతారో.

ఇస్త్రీ బాబాయికి కొత్త కళ్ళద్దాలు కుదిరాయా? నాన్న చెయ్యి ఏమైనా కదులుతోందా?

నీ తమ్ముడు


కుట్టుకొట్టు, వెనక గది
ఆగస్టు 20

ఒరే చిన్నోడా,

నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపూ వచ్చింది. పాపం ఆవిడ.

నాన్న కుడిచెయ్యి కదలడం లేదు, మాటా రాలేదు. మిషను ఎదురుగా మంచం వేయించాను. రోజంతా దాన్నే చూస్తాడు. వారం నుంచి ఎడమచేత్తో ఒకటే సైగ, తన సూదుల దిండు కావాలని. తెచ్చి చేతిలో పెడితే విసిరేస్తాడు. మళ్ళీ కావాలంటాడు. మన ఇస్త్రీ బాబాయి ముప్పై ఆరేళ్ళుగా మూగవాడు, ఆయన సైగ ఒక్కటి కూడా నాకు అర్థం కాకుండా పోలేదు. ఇన్నాళ్ళూ గడగడా మాట్లాడిన నాన్న సైగ మాత్రం బుర్రకెక్కడం లేదు.

చివరికి దిండు రాయిలా గట్టిపడింది, లోపల పొట్టు మార్చమంటున్నాడేమో అనుకుని కుట్టు విప్పాను. రంపపు పొట్టు మధ్యలో ఒక గుడ్డపీలిక. కోటు కాలర్ పట్టీ. పేరు మరకలో కలిసిపోయింది కాని అంకె ఉంది: 7714. అంచుల్లో కత్తిరించిన దారం ముక్కలు ఇంకా పట్టుకుని ఉన్నాయి. ఎర్రదారం. నీ సోమవారం ఆవిడ వెంటనే గుర్తొచ్చింది. ఎర్రదారం లోకంలో ఒక్క ఇంట్లోనే ఉంటుందా అని నన్ను నేనే కసురుకున్నాను.

పట్టీ నాన్నకు చూపించాను. అమ్మ పోయినప్పుడు కూడా నాన్న అలా ఏడవలేదు.

కోట్ల షెడ్డులో పని ఎలా ఉండేదో మనకు నాన్న చెప్పినంతే తెలుసు. యుద్ధంలో పోయినవాళ్ళ కోట్లు మూటలుగా వచ్చేవి. ఉతికాక నాన్న పట్టీ ఊడదీసి గుమాస్తా డబ్బాలో వెయ్యాలి, చిల్లులు రఫూ చెయ్యాలి, ఆ కోటు ఇంకో సైనికుడికి పోయేది. కోట్లు ఎన్నో పట్టీలు అన్నే ఉండాలి, ఒక్కటి తగ్గినా షెడ్డంతా వెతికించేవాళ్ళు. మరి ఈ పట్టీ దిండులోకి ఎలా వచ్చింది? ఆ నంబరు ఎవరిదో కాస్త చూసి రాయి.

బాబాయి ఉత్తరం డబ్బాలో వేసి రావడానికి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళద్దాలు బాగానే కుదిరాయి, ఇప్పుడు చొక్కా మీద నేను చూడని ముడతలు కూడా చూస్తున్నాడు.

నీ అక్క


నమోదు కార్యాలయం
సెప్టెంబరు 2

అక్కా,

నువ్వు రాసిన నంబరు మా పుస్తకాల్లో లేదు. షెడ్డుల్లో పాడైన పట్టీలు చాలా ఉండేవట, అలాంటిదే అయుంటుంది. దాన్ని పారెయ్యి. నాన్నను అనవసరంగా కదిలించకు.

ఇక్కడ రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. వాన రావచ్చు.

తమ్ముడు


కుట్టుకొట్టు
సెప్టెంబరు 12

చిన్నోడా,

అబద్ధం ఆడినప్పుడల్లా నువ్వు వాతావరణం గురించి మాట్లాడతావు. నా అద్దం పగలగొట్టిన రోజు కూడా ఎండ ఎంత బాగుందో చెప్పావు. నీ ఉత్తరంలో మబ్బు కనబడగానే నాకు తెలిసిపోయింది.

ఆ ఉత్తరాన్ని నాన్నకు చదివి వినిపించాను. నంబరు లేదు అనగానే నోట్లో పెట్టిన ముద్ద ఉమ్మేశాడు. ఇవాళ్టికి మూడో రోజు, మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోవడం లేదు. బాబాయి బతిమాలి తినిపించబోతే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నీ చేత నిజం రాయిస్తానని ఇప్పుడే ఒట్టు వేశాను, అప్పుడు రెండు చెంచాల జావ మింగాడు.

నాకు ఒక సంగతి గుర్తొస్తోంది. నీకు బ్యాంకులో ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న ఒప్పుకోలేదు. నువ్వు ఇప్పుడున్న ఆఫీసులోనే చేరాలని నెల రోజులు పోరాడాడు. ఎందుకు నాన్నా అంటే, అక్కడ మనవాడు ఒకడు ఉండాలి అన్నాడు. నువ్వు అలిగి నాలుగు రోజులు మాట్లాడలేదు. నిన్ను అక్కడ కూచోబెట్టి పదకొండేళ్ళు ఎదురుచూశాడేమోరా, చెప్పడానికి నోరు రాక. ఇప్పుడు చెబుదామంటే నోరే పోయింది.

నిజం రాయి. రాయకపోతే కొట్టుకు తాళం వేసి, పట్టీ చేత్తో పట్టుకుని, నీ కిటికీ ముందు వరసలో నేనే నిలబడతాను.

అక్క


నమోదు కార్యాలయం
అక్టోబరు 6, సోమవారం

అక్కా,

నంబరు ఆవిడదే. నీ ఉత్తరంలో 7714 చదివినప్పుడు పుస్తకం తెరవాల్సిన పనే పడలేదు, చెప్పాను కదా, ఆ అర్జీ నాకు ఎక్కంలా వచ్చని. సెప్టెంబరు ఒకటిన ఆవిడ వచ్చింది. నీ ఉత్తరం నా జేబులో ఉంది. ఆవిడ పట్టీ సంగతి చెబుతూ ఉంటే వింటూ కూచుని, చివర ముద్ర వేశాను. నన్ను ఏమైనా అను.

ఆ తర్వాత పాత షెడ్డు పుస్తకాలు తీశాను. అరవై ఒకటో మూట, పద్నాలుగు కోట్లు, పద్నాలుగు పట్టీలు, కింద నాన్న సంతకం. మూట వచ్చిన చోట ఆవిడ భర్త దళం ఉంది. కాని పద్నాలుగు నంబర్లలో ఆయనది లేదు. దాని బదులు ఎవరిది ఉందో తెలుసా? మన మేనమామది. ముందు గదిలో పటంలో ఉన్న మామది. మామ దళం ఆ రోజుల్లో అక్కడికి వారం నడక దూరంలో ఉంది. చచ్చిపోయినవాడి కోటు వారం రోజులు నడిచి రాదు కదా.

నాన్న ఒక పట్టీ తీసి ఒక పట్టీ పెట్టాడు, అక్కా. మామ పారిపోయాడు. మామకు రాతిగోడ మీద చోటు దొరికింది, నిజంగా పోయినవాడు నా బీరువాలోకి వచ్చాడు. మామ ఆ తర్వాత ఏమయ్యాడో తెలియదు. ఎక్కడో, ఎప్పుడో పోయే ఉంటాడు.

ఇవాళ ఆవిడ వచ్చింది. మెట్లెక్కలేక రెండుసార్లు కూచుంది. రుమాలులో దగ్గి వెంటనే మడిచేసింది కాని రక్తం నేను చూశాను. డిసెంబరు దాకా ఉంటే చాలు బాబూ, ఆయన పేరు చూసి పోతాను అంది. ముద్ర నా చేతిలో ఉంది. వెయ్యలేదు, వెయ్యకుండా ఉండనూ లేదు. రేపు రండి అన్నాను. ముప్పై ఆరేళ్ళుగా వస్తున్న మనిషిని రేపు రమ్మన్నాను.

ఏం చెయ్యాలో చెప్పు. నాకు తోచడం లేదు.

తమ్ముడు


కుట్టుకొట్టు
అక్టోబరు 19

చిన్నోడా,

ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

నీ ఉత్తరం అందిన రోజు మామ పటం దించి దుమ్ము తుడుస్తూ కూచున్నాను. ఎప్పుడూ ఎత్తు మీద ఉండేది, దగ్గరగా చూడలేదు. ఎడమచెవి తమ్మె దగ్గర చిన్న గాటు. ఆ గాటు నేను రోజూ చూస్తాను. ఎక్కడ చూశానో ఒక్క నిమిషం గుర్తు రాలేదు. గుర్తొచ్చాక దుమ్ముగుడ్డ పక్కన పడేసి లేచాను.

పటం తీసుకెళ్ళి ఇస్త్రీబల్ల మీద, బాబాయి ముందు పెట్టాను. ఏమీ అడగలేదు. ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కింద కమిలిన వాసన వచ్చింది, పొగ వచ్చింది, అయినా ఆయన చెయ్యి తియ్యలేదు. నా ఎరుకలో బాబాయి ఒక్క గుడ్డ మాడ్చలేదు. పెట్టె నేనే ఎత్తి పక్కన పెట్టాను. ఆయన అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతులూ జోడించి నా వైపు చూశాడు.

బాంబు మోతకు మాట పోయిందని అమ్మ మనకు చెప్పిన మనిషి, మనం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బాబాయి అని పిలిచిన మనిషి, అమ్మ తోడబుట్టిన తమ్ముడు. ఇప్పుడు అన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. వచ్చినవాళ్ళ ముందు అమ్మమ్మ, మామ పటం చూసి కళ్ళొత్తుకునేది. వాళ్ళు వెళ్ళగానే మొదటి వడ్డన ఇస్త్రీ ఆయనకే. పనివాడికి అంత మర్యాదేమిటే అని పక్కింటావిడ అంటే, నోరు లేనివాడమ్మా అనేది.

నాకు కోపం లేదనుకోకు. ఉంది. కాని పారిపోయినవాళ్ళకు వేసే శిక్ష ఇంకా రద్దు కాలేదని నువ్వే ఒకసారి రాశావు. ఈ వయసులో ఆయన్ను తీసుకుపోతారు. నాన్నను మంచంతో సహా మోసుకుపోతారు. నీ ఉద్యోగం పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందిరా. నిజం చెప్పకపోతే రైలెక్కి వస్తానన్న నోటితోనే చెబుతున్నాను, వదిలెయ్యి. చచ్చిపోయిన ఒకడి కోసం బతికున్న ఇద్దరిని చంపకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క


నమోదు కార్యాలయం
నవంబరు 4

అక్కా,

చచ్చిపోయిన ఒకడు కాదు. బతికున్న ఒకావిడ.

నిన్న ఆవిడ వరసలోనే పడిపోయింది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఊపిరితిత్తుల్లో ఇక ఏమీ మిగల్లేదని, నెల గడిస్తే గొప్పని డాక్టరు అన్నాడు. దారిలో ఆవిడ నాకు చెప్పినది రాస్తాను, నువ్వూ మొయ్యి. వాళ్ళ ఇంటి గోడ మీద పిల్లలు పిరికివాడి ఇల్లు అని బొగ్గుతో రాసేవాళ్ళట. ఆవిడ పాఠం చెప్పిన పిల్లలే. రోజూ పొద్దున సున్నం వేసేదట. ఆ మాట రాసినందుకు కాదు, అక్షరాలు తప్పుల్లేకుండా రాసినందుకు ఎక్కువ ఏడుపొచ్చేదట, నేర్పింది తనే కాబట్టి. అది చెప్పి నవ్వింది, అక్కా. గొడుగు కాస్త పట్టుకో బాబూ, పోగొట్టుకుంటాను అంది. గొడుగు ఇప్పుడు నా గదిలో ఉంది. దాన్ని చూస్తూ నిద్రపోవడం నా వల్ల కావడం లేదు.

పట్టీ పంపించు. ఎవరి పేరూ రానివ్వను. పాత పుస్తకంలో దొరికిందని చెబుతాను. నమ్మరని నాకూ తెలుసు. షెడ్డు పుస్తకంలో ఎక్కని పట్టీకి బతికున్న సాక్షి కావాలి, లేదా గోడ మీది పేరు ఒకటి తప్పని తేలాలి. అయినా పంపించు. ఆవిడ చేతిలోనైనా పెడతాను. మిగతాది నా పాపం.

నువ్వు నా కాళ్ళు పట్టుకుంటానన్నావు. నేను నిజంగానే నీ కాళ్ళు పట్టుకుంటున్నాను.

తమ్ముడు


కుట్టుకొట్టు
నవంబరు 17

చిన్నోడా,

పట్టీ లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం దాకా దాన్ని చేతిలో పెట్టుకుని తిరిగాను. పంపాలని కవరు మీద నీ చిరునామా కూడా రాశాను. అప్పుడు ఇద్దరూ కనబడ్డారు. నాన్న మంచం మీద, బాబాయి పక్కన కూచుని చెంచాతో జావ పడుతూ. ఆ మొహాలు చూశాక నా చెయ్యి ఆడలేదు. పట్టీ బాబాయి చేతికే ఇచ్చి, ఇస్త్రీపెట్టె బొగ్గుల్లో వేసెయ్యమన్నాను. ఆయన నా మొహం చాలాసేపు చూసి తలూపాడు. పెట్టె మూత తెరిచిన చప్పుడు విని నేను వీధిలోకి వెళ్ళిపోయాను.

ఆవిడ గొడుగు గురించి నాకు మళ్ళీ రాయకు. నేనూ ఆడదాన్నే, నాకూ తెలుసు ఏం చేశానో.

అక్క


నమోదు కార్యాలయం
నవంబరు 25

ఇక నాకు ఉత్తరాలు రాయకు.


ఇస్త్రీబల్ల
నవంబరు 30, ఆదివారం

తల్లీ,

నువ్వు లేచేసరికి నేను రైల్లో ఉంటాను. బొగ్గులు చల్లారాయి, పెట్టె శుభ్రం చేశాను. నాలుగు చీరలు మిగిలాయి, మేడ మీది వాళ్ళవి. తొందర లేదన్నారు.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. తడిగుడ్డ మీద పెట్టె ఆనిస్తే వచ్చే ఆవిరికి కవరు మూత చక్కగా ఊడుతుంది, మళ్ళీ అతుకుతుంది. నువ్వు నా చేతికిచ్చిన ఉత్తరాలూ, తమ్ముడి దగ్గర నుంచి వచ్చినవీ అన్నీ చదివాను. ఆగస్టు నుంచి కాదు, ఏళ్ళుగా. ఎవరైనా నన్ను గుర్తుపట్టారేమోనని మొదట్లో భయంతో చదివేవాణ్ణి. తర్వాత మీ ఇద్దరి కబుర్ల కోసం చదివేవాణ్ణి. నాతో ఎవరూ మాట్లాడరు కదా.

నేను ఎందుకు పారిపోయానని నువ్వు అడగలేదు. పెద్ద కారణం ఏమీ లేదు. మా గుంటలో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. తెల్లారేసరికి ముగ్గురం మిగిలాం. నాకు భయం వేసింది. లేచి నడిచాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు వెనక తలుపు దగ్గరికి వచ్చాను. బావ నన్ను కోట్ల గుట్ట వెనక కూచోబెట్టి, నా కాలర్ పట్టీ ఊడదీశాడు. లెక్క సరిపోవాలి. ముందున్న మూటలో పైన ఉన్న కోటు పట్టీ తీసేసి, నాది డబ్బాలో వేశాడు. తీసినది దిండులో దాచాడు.

ఆ మనిషికి అన్యాయం చెయ్యాలని బావ అనుకోలేదు. పట్టీ ఊడిపోయిన కోట్లు అప్పుడప్పుడూ వచ్చేవి. అలాంటిది వచ్చినప్పుడు దీన్ని దానికి లెక్క చెబుతానన్నాడు. వచ్చే మూటలో పెడదాంలే, నాలుగు రోజులు ఆలస్యం అంతే, అన్నాడు. ఆ గురువారం యుద్ధం ఆగిపోయింది. వీధుల్లో జనం గంతులు వేశారు, షెడ్డుకు తాళం పడింది. వచ్చే మూట రాలేదు. అందరూ సంతోషంతో ఏడుస్తుంటే బావ కూడా ఏడ్చాడు. ఎందుకో మీ అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. ఆ తర్వాత చెబుదామంటే నన్ను పట్టివ్వాలి. నా కోసమే ఆగాడు. నేను ఆపాను అంటే ఇంకా నిజం.

పేరు చెప్పలేనివాణ్ణి పేరు అడగరని మొదటి రెండేళ్ళు నోరు మూసుకున్నాను. ఆ తర్వాత రాతిగోడ మీద నా పేరు చెక్కారు. ఇక ఏ మొహంతో నోరు తెరవను?

బొగ్గుల్లో పట్టీ వెయ్యలేదమ్మా. ఇస్త్రీ చేసి జేబులో పెట్టుకున్నాను. నువ్వు నన్ను కాపాడాలని చేశావు, నీ తమ్ముడు నిన్ను అపార్థం చేసుకున్నాడు. మీ ఇద్దరూ మాట్లాడుకోకపోతే ఇంక నేను చదవడానికి ఏముంటుంది?

బావను జాగ్రత్తగా చూసుకో. జావలో ఉప్పు తక్కువ వెయ్యి.

మీ మామ


నమోదు కార్యాలయం
డిసెంబరు 1, సోమవారం

అక్కా,

రాయవద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇవాళ ఆవిడను ఆసుపత్రి నుంచి ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఇది చివరి మొదటి సోమవారం, రాకుండా ఉండనంది. కిటికీ ముందు స్టూలు వేయించాను. ఆవిడ వెనక ఒక పెద్దాయన, మడత నలగని తెల్లచొక్కాలో. ఆ చొక్కా చూశాక మొహం చూశాను. మన వీధి దాటి బాబాయిని నేను ఎప్పుడూ చూడలేదు, అందుకే మొదట పోల్చుకోలేదు.

ఆయన జేబులోంచి పట్టీ తీసి నాకు ఇవ్వలేదు, ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు. బొటనవేలితో అంచు తడిమింది. దారం ముక్క దగ్గర వేలు ఆగిపోయింది. అప్పుడు ఆయన మాట్లాడాడు. నూనె చూడని మిషను తిరిగినట్టు ఉంది గొంతు. మొదటి మాట సగంలో విరిగింది, దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు.

“ఆ రాయి మీదున్న పేరు నాదమ్మా. నేను చావలేదు. ఆ చోటు మీ ఆయనది.”

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చాలాసేపు ఆయన చెవినీ చేతుల్నీ చూసింది. ఈ ముప్పై ఆరేళ్ళూ ఎక్కడున్నావని అడగలేదు. ఒక్కటే అడిగింది.

“కోటుకు చిల్లు ఎక్కడుంది? ముందా, వెనకా?”

ఆయనకు తెలియదు. రఫూ చేసిన మా బావకే తెలుసు అన్నాడు. ఆవిడ మళ్ళీ అదే అడిగింది. ముందా, వెనకా?

ఆయన్ను పై గదిలో కూచోబెట్టారు. పారిపోకుండా ఇద్దరు కాపలా. ఆయన వాళ్ళకు నవ్వుతూ నమస్కారం పెట్టాడు. గోడ మీది పేరు తప్పని తేలింది కాబట్టి ఇక పట్టీకి వేరే సాక్షి అక్కర్లేదు, చెక్కుతామని పై అధికారి సంతకం చేశాడు. మూడు నెలలుగా నాకు తెలిసీ దాచానని నేనూ రాసిచ్చాను. రేపటి నుంచి కిటికీ దగ్గర నేనుండను. ఆ ముద్ర నేను ఇక పట్టుకోనక్కర్లేదు, అదొక్కటే హాయి.

కాని ఆవిడకు రాయి చాలడం లేదు, అక్కా. నిలబడి పోయాడా, పరిగెత్తుతూ పోయాడా, అంతే కావాలి. ఇన్నేళ్ళూ పారిపోయే మనిషి కాదని అందరితో వాదించింది కదా, తన మనసులో ఏ మూలో ఆ ప్రశ్న దాచుకునే వాదించిందట. డాక్టరు ఇంకో వారం అంటున్నాడు. నాన్నను అడుగు. ఎలాగైనా అడుగు.

తమ్ముడు


కుట్టుకొట్టు
డిసెంబరు 4

చిన్నోడా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది, ఇది సాయంత్రం బండికి పంపుతున్నాను. డబ్బాలో వేసేది ఇవాళ నేనే.

నాన్నకు అంతా చదివి వినిపించాను. మామ మాట్లాడాడు అన్నప్పుడు నాన్న ఎడమచెయ్యి నా మణికట్టును నొప్పి పుట్టేలా పట్టుకుంది. ఆవిడ అడిగినది చదవబోతే భయం వేసింది. వెనక అని తేలితే ఏం రాయాలి? అబద్ధం రాద్దామని ముందే అనుకున్నాను, నీతో దాచడం ఎందుకు.

పాత కోటు ఒకటి మంచం మీద పరిచి, నాన్న ఎడమచేతిలో సుద్దముక్క పెట్టాను. ముప్పై ఆరేళ్ళ కిందటి కోటు గుర్తుంటుందా అని అడగబోయాను. ప్రశ్న పూర్తి కాకుండానే నాన్న చెయ్యి కదిలింది. ముందు కాలర్ దగ్గర చిన్న గీత, పట్టీ ఉన్న చోట. తర్వాత ఎడమవైపు, రెండో బొత్తానికీ మూడో బొత్తానికీ మధ్య, రూపాయంత సున్నా. సున్నా వంకర పోలేదు. కోటు తిప్పి వీపు చూపించాను. చేత్తో తోసేశాడు. నాకు నమ్మకం చాలక కోటు నేనే తొడుక్కుని ఆయన ముందు వంగాను. నాన్న అదే చోట, నా గుండె మీద, వేలు పెట్టి నొక్కాడు. చాలాసేపు తియ్యలేదు.

ముందేరా. ముందు వైపు.

సుద్ద దారిలో చెరిగిపోతుంది. అందుకని సున్నా చుట్టూ ఎర్రదారంతో కుట్టాను. గుడ్డ ముడత పడకుండా నాన్న ఎడమచేత్తో లాగి పట్టుకున్నాడు. మామను ఒకసారి చూడనిస్తే, బావ నాలుగు ముద్దలు తిన్నాడని చెప్పు.

ఆ ముక్క మటుకు కత్తిరించి పంపితే చాలు. కాని కోటు మొత్తం పంపుతున్నాను. ఆవిడ చేతికిచ్చి, వెనక్కి తిప్పి కూడా చూసుకోమను. అక్కడ ఏమీ లేదు.

నీ అక్క